తిరగలా, రుబ్బురోలా: పాలిషింగ్ మెషీన్ కొనేముందు

కనుమ వెళ్లిన మర్నాడు పొద్దున్నే అమలాపురం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, కార్లకి వాడే 1400 వాట్ల పాలిషింగ్ మెషీన్ ఒకటి చూశాను. నాలుగు ప్యాడ్లు ఫ్రీ అంట. ఆఫర్ రాత్రితో అయిపోద్ది. కొట్టేయనా?"

"కొట్టకు, ఆగు. అది తిరగలా, రుబ్బురోలా?" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. మావయ్యకి పండగ ఇంకా దిగలేదనుకుని ఉంటాడు.

ఆ ప్రశ్న సంగతికి తర్వాత వద్దాం. నేను భీమవరంలో ఒక పెయింటింగ్ షెడ్డులో పన్నెండేళ్లు పనిచేశాను. తడిపి రుద్దే గరుకు కాగితం, అదే వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి స్ప్రే గన్ను దాకా వచ్చాను. పాలకొల్లులో సొంత షెడ్డు పెట్టుకుని తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు పెయింటింగ్ బాగా తగ్గించాను, కడగడం, పాలిష్, కోటింగ్ ఇవే ఎక్కువ. సంక్రాంతి అయ్యాక ఒక నెల నాకు ఊపిరాడదు. హైదరాబాద్ నుంచి నిగనిగలాడుతూ దిగిన కార్లు మూడు రోజులు పందేల బరుల దుమ్ములోనూ చెరువు గట్ల మీదా తిరుగుతాయి. నాలుగో రోజు ఎండలో బానెట్ చూసుకుని "ఇదేంటండీ, సాలెగూడులా గీతలు!" అంటూ వస్తారు. వాళ్లలో ఒకరిద్దరు ప్రతి ఏడూ అడిగేది కూడా మా వాడు అడిగిందే, ఏ మెషీన్ కొనుక్కోమంటారని. చెబితే నా గిరాకీ పోతుందని మా ఆవిడ అంటుంది. తప్పుడు మెషీన్ కొని పెయింట్ కాల్చుకున్నవాళ్లు ఎలాగూ నా దగ్గరికే వస్తారు కాబట్టి ఆ భయం నాకు లేదు.

మెషీన్ కంటే ముందు కారుని చూడండి. ఎండలో కాదు, రాత్రి ఇంటి దగ్గర ఫోన్ టార్చి వేసి, బానెట్‌కి ఒక జానెడు ఎత్తులో పెట్టి చూడండి. దీపం చుట్టూ గుండ్రంగా సన్నటి గీతలు కనిపిస్తే అవి గుడ్డతో పడ్డ గీతలు. మన వైపు వీటికి పెద్ద కారణం ఊక బూడిద. రైస్ మిల్లుల్లో బాయిలర్లకి ఊకే కదా కాలుస్తారు. ఆ బూడిద గాలికి ఎగిరి కార్ల మీద వాలుతుంది. మెత్తగానే ఉంటుంది, పౌడర్‌లా. కానీ అందులో నూటికి ఎనభై పాళ్ల పైన సిలికానే, ఇసకలో ఉండే సరుకే. పొద్దున్నే డ్రైవర్ పొడి గుడ్డ తీసుకుని బానెట్ దులిపాడంటే సన్న గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. ఆ అలవాటు మానకుండా ఎంత ఖరీదైన మెషీన్ కొన్నా ప్రయోజనం లేదు. పాలిష్ పెట్టిన పదో రోజుకి గీతలు మళ్లీ వస్తాయి.

గీతలు కాకుండా తెల్లటి చుక్కలు కనిపిస్తే అది నీళ్ల పని. వేసవిలో కాలువలు కట్టేశాక అందరం బోరు నీళ్ల మీద పడతాం. నరసాపురం, మొగల్తూరు వైపు బోరు నీళ్లలో ఉప్పు సంగతి చెప్పక్కర్లేదు. ఆ నీళ్లతో ఎండలో కడిగి వదిలేస్తే సున్నం చుక్కలుగా గడ్డకడుతుంది. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి, గుడ్డ తడిపి చుక్కల మీద రెండు నిమిషాలు వేసి ఉంచి, మంచి నీళ్లతో బాగా కడగండి. సగానికి సగం పోతాయి. పోనివి క్లియర్‌లోకి, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరలోకి, దిగిపోయినవి, వాటికి మాత్రం మెషీన్ కావాలి. చెరువుల మీద వాలే కొంగల రెట్ట కూడా అంతే. రెండు రోజులు ఎండిందంటే పెయింట్‌లో గుంట చేస్తుంది.

మీది తెల్ల కారా? అయితే నిజం చెబుతున్నాను, ఇంట్లో వాడుకోవడానికి మీకు మెషీన్ అక్కర్లేదు. తెలుపు మీద ఈ గీతలు అంతగా కనిపించవు. ఏడాదికోసారి ఎవరి చేతనైనా పాలిష్ పెట్టించుకుని ఊరుకోండి. నలుపు, ముదురు నీలం, ముదురు ఎరుపు కార్లు ఉన్నవాళ్లకీ, ఈ పనిలోకి దిగుదామనుకునే కుర్రాళ్లకీ మిగతాది.

కాగితంలో సగం

కారు పెయింట్ ఎంత మందం ఉంటుందో చెబితే చాలామంది నమ్మరు. కంపెనీ నుంచి వచ్చిన కారుకి రేకు మీద ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిపి సుమారు 100 మైక్రాన్లు. కొన్నిటికి తక్కువ, కొన్నిటికి 140 దాకా. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. అంటే మీ పిల్లల నోట్‌బుక్‌లో ఒక కాగితం మందం. అందులో పైన ఉండే క్లియర్ 35 నుంచి 50 మైక్రాన్లు, కాగితంలో సగం కూడా పూర్తిగా ఉండదు. పాలిష్ అంటే ఆ క్లియర్‌ని ఒకటి రెండు మైక్రాన్లు అరగదీసి, గీత అడుగు దాకా చదును చేయడమే. గీత నింపడం కాదు, చుట్టూ ఉన్నదాన్ని గీత లోతుకి దించడం. అరగదీసింది మళ్లీ రాదు.

ఈ లెక్క నాకు తెలియని రోజుల్లో ఒక నల్ల కారు మీద చెయ్యి కాల్చుకున్నాను. భీమవరం షెడ్డులో అప్పటికి నాలుగో ఏడు. మర్నాడు పెళ్లి, అది పెళ్లికొడుకు కారు. అంతకుముందు ఎవరి పెళ్లికో పూలదండలు టేపుతో అంటించిన జిగురు బానెట్ నిండా ఉంది. మేస్త్రీ భోజనానికి వెళ్లాడు. నేను రోటరీ మెషీన్‌కి ఊల్ ప్యాడ్ తగిలించి, స్పీడు పెంచి, జిగురు దగ్గర అదిమి పట్టాను. బానెట్ మధ్యలో బాగానే వచ్చింది. అంచు దగ్గర, మడత తిరిగే చోట, ప్యాడ్ అర నిమిషం కూడా ఆగలేదు, అద్దంలా ఉన్న నలుపు మీద అరచేతి వెడల్పున బూడిద రంగు మచ్చ పడింది. క్లియర్ పోయి, రంగు పోయి, ప్రైమర్ కనిపించింది. అంచుల మీద పెయింట్ అసలే పల్చగా పడుతుంది, పైగా ప్యాడ్ బరువంతా అక్కడే పడుతుంది. రాత్రంతా కూర్చుని బానెట్ మొత్తం మళ్లీ పెయింట్ చేశాం. ఆ నెల జీతంలో మేస్త్రీ నాకు ఇచ్చింది బస్సు చార్జీలే. పెళ్లికొడుకు తండ్రికి ఇప్పటికీ తెలియదు. పైగా "బలే మెరుపు తెచ్చావయ్యా" అని నా చేతిలో వంద పెట్టాడు.

తిరగలి, రుబ్బురోలు

ఇప్పుడు మా వాడిని అడిగిన ప్రశ్న. తిరగలి చూశారు కదా. మధ్యలో ఒక మేకు ఉంటుంది, పైరాయి దాని చుట్టూ ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంది. రోటరీ మెషీన్ అదే. మోటారు తిప్పినంతసేపూ ప్యాడ్ తిరుగుతుంది, ఎంత అదిమినా ఆగదు. కోత ఎక్కువ, వేడి ఎక్కువ. లోతు గీతలు, వాటర్ పేపర్ పెట్టిన మచ్చలు తీయడానికి దాన్ని మించింది లేదు. కానీ అటూ ఇటూ చెయ్యి కాస్త వాలిందంటే ప్యాడ్ తిరిగిన దారంతా వంకర మెరుపులుగా మిగులుతుంది. షెడ్డు నీడలో కనిపించవు. బయట ఎండలోకి తీశాక కారు కదిలినప్పుడల్లా ఆ మెరుపులూ కదులుతాయి, హోలోగ్రామ్ అంటాం. ఊరూరా "రబ్బింగ్ పాలిష్" చేయించుకున్న నల్ల కార్లలో చాలావాటి మీద చూడొచ్చు.

రుబ్బురోలులో పొత్రం అలా తిరగదు. చేత్తో పట్టుకుని గుంటలో గుండ్రంగా నడిపిస్తుంటే, ఆ నడకలోనే అది తన చుట్టూ తాను కూడా మెల్లగా తిరుగుతుంది. రెండు కదలికలు. డ్యూయల్ యాక్షన్ మెషీన్, డీఏ అంటాం, అచ్చం ఇదే. ప్యాడ్ పట్టే ఇరుసు మధ్యలో ఉండదు, కాస్త పక్కకి జరిపి ఉంటుంది. మోటారు ఆ ఇరుసుని గుండ్రంగా నడిపిస్తుంది. ప్యాడ్ బేరింగ్ మీద స్వేచ్ఛగా ఉంటుంది కాబట్టి ఆ ఊపుకి తనంత తాను తిరుగుతుంది. మరీ అదిమితే తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. మెషీన్ మోగుతూనే ఉంటుంది, పని మాత్రం జరగదు. కొత్తవాడి చేతికి ఇంతకంటే మంచి బ్రేకు లేదు. నేను బానెట్ కాల్చిన రోజు నా చేతిలో డీఏ ఉండి ఉంటే, అంత తేలిగ్గా కాలేది కాదు. అలాగని డీఏతో అసలు కాలదనుకోకండి. పదునైన అంచు మీద ఆపి పట్టుకుంటే అదీ తీసేస్తుంది, కాకపోతే చూసుకుని చెయ్యి తీసే వ్యవధి ఇస్తుంది.

రెండిటికీ మధ్యలో ఇంకో రకం ఉంది. కదలిక రుబ్బురోలుదే, కానీ తిరగడం ప్యాడ్ ఇష్టానికి వదలకుండా లోపల పళ్ల చక్రాలతో బలవంతంగా తిప్పుతుంది. అదిమినా ఆగదు. వంపుల మీద కూడా కోత తగ్గదు. వేడి, వణుకు కొంచెం ఎక్కువ. రోజూ పనిచేసేవాడికి మంచి పనిముట్టు. మొదటి మెషీన్‌గా నేను చెప్పను, ఆ బ్రేకు దీనికి ఉండదు కాబట్టి.

ఇంతకీ మా వాడు చూసింది తిరగలే. 1400 వాట్ల రోటరీ.

త్రో అంటే

డీఏ కొందామని కొట్టుకి వెళితే 8, 15, 21 అని అంకెలు చెబుతారు. అది త్రో, మిల్లీమీటర్లలో. పొత్రం గుంటలో నడిచే వలయం ఎంత వెడల్పో, అంత. వలయం పెద్దదైతే ఒక్క ఊపులో ఎక్కువ మేర తిరుగుతుంది, పని తొందరగా అవుతుంది. పెద్ద బండ్ల బానెట్లు, టాపుల మీద 21 హాయిగా నడుస్తుంది. కానీ వంపు ఎక్కడ వచ్చినా పెద్ద త్రో ప్యాడ్ తిరగడం మానేస్తుంది. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే చిన్న కార్లని చూడండి. డోరు మధ్యలో గీత, బంపర్ నిండా మడతలు, చదునుగా రెండు అడుగుల జాగా ఎక్కడుంది? అందుకని మొదటి మెషీన్‌కి నా మాట 15. ప్యాడ్ తగిలించే ప్లేటు, బ్యాకింగ్ ప్లేటు అంటాం, ఐదంగుళాలది. 8 కూడా తప్పు లేదు, వంపుల మీద 15 కంటే అదే మేలు. కాకపోతే పని మెల్లగా సాగుతుంది. ఒక్క కారు ఉన్నవాడికి అది చాలు. రోజుకో కారు చేద్దామనుకునే మా వాడికి చాలదు.

21 కొనేసి తర్వాత బాధపడ్డవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. 15 కొని బాధపడ్డవాడు ఇంతవరకూ తగల్లేదు.

ప్లేటు సైజు మీద ఒక మాట. పక్కకి జరిగి తిరిగే ప్లేటు ఊపుని సరిచేయడానికి లోపల ఒక బరువు పెడతారు. ఆ బరువు ఫలానా సైజు ప్లేటుకి, ప్యాడ్‌కి అని లెక్క కట్టి చేసింది. ఐదంగుళాల దానికి ఆరంగుళాలది తగిలిస్తే లెక్క తప్పి, అరగంటలో చేతులు జివ్వుమంటాయి. బేరింగులూ తొందరగా పోతాయి. మెషీన్‌తో వచ్చిన సైజులోనే ఉండండి. ఇరుకు జాగాలకి, డోరు హ్యాండిళ్ల దగ్గరికి, పిల్లర్లకి తర్వాత ఎప్పుడైనా మూడంగుళాల చిన్న మెషీన్ కొనుక్కోవచ్చు. అప్పటిదాకా అక్కడ చేత్తో రుద్దండి.

వాట్లు పక్కన పెట్టి

వాట్లు మోటారు ఎంత కరెంటు తాగుతుందో చెబుతాయి. మంచి డీఏలు 500 నుంచి 900 వాట్ల మధ్యే ఉంటాయి, హాయిగా పనిచేస్తాయి. 1400 చూసి మోజుపడక్కర్లేదు. దానికి బదులు కొట్టులో మెషీన్ చేతిలోకి తీసుకుని ఇవి చూడండి.

ముందు బరువు. రెండున్నర కిలోలు కొట్టులో ఏమీ అనిపించదు. డోరు పక్కన నిలబడి, మెషీన్ అడ్డంగా పట్టుకుని, నాలుగు డోర్లు పూర్తిచేసేసరికి తెలుస్తుంది. అందుకే కొట్టులోనే డోరుకి పట్టుకున్నట్టు అడ్డంగా రెండు నిమిషాలు పట్టుకుని చూడండి. కొట్టువాడు నవ్వినా ఫర్లేదు.

తర్వాత స్విచ్ వేయించండి. నొక్కగానే ఎగిరిపడకుండా మెల్లగా మొదలై స్పీడు అందుకోవాలి, సాఫ్ట్ స్టార్ట్ అంటారు. ఇది లేకపోతే ప్యాడ్ మీద వేసిన కాంపౌండ్, అంటే గీతలు అరగదీసే ముద్ద, మీ చొక్కా మీద, అద్దం మీద, పక్క కారు మీద ఉంటుంది. స్పీడు మార్చుకునే చక్రం ఉండాలి, 1 నుంచి 6 దాకా అన్ని అంకెల మీదా నిజంగా తేడా తెలియాలి. చవక మెషీన్లలో 1 మీదే రివ్వున తిరిగేవి చూశాను. ప్యాడ్ తగిలించి పై స్పీడులో పెట్టి ఒక నిమిషం పట్టుకోండి. ఆపాక వేళ్లు తిమ్మిరెక్కినట్టుంటే ఆ మెషీన్ అక్కడే పెట్టేయండి.

ఆఖరుగా అరుగుదల సామాను. మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయేవే. మెషీన్ పక్కన చిన్న మూత తిప్పితే బయటికి వచ్చేలా ఉందా, మెషీనంతా విప్పాలా? ఆ కార్బన్లు రాజమండ్రిలోనో విజయవాడలోనో దొరుకుతాయా? బ్యాకింగ్ ప్లేటు విడిగా అమ్ముతారా? ప్లేటుకి ఉండే వెల్క్రో వేడికి కరిగి ఏడాదిలో పట్టు వదిలేస్తుంది. ప్లేటు దొరకకపోతే మెషీన్ మూలపడుతుంది. బాష్, మకీటా లాంటి పేర్లకి ఈ విషయంలో మేలుంటుంది. ఇటలీ నుంచి వచ్చే రూపెస్, జర్మనీ నుంచి వచ్చే ఫ్లెక్స్ చేతిలో పట్టుకుంటే వెన్నలా నడుస్తాయి, నేను కాదనను. కానీ ఆ డబ్బు రోజూ ఇదే పని చేసి తిరిగి సంపాదించేవాడు పెట్టాలి.

బ్యాటరీ మెషీన్ల గురించి కూడా అడుగుతున్నారు ఈ మధ్య. తీగ లేకపోవడం సుఖమే. అయితే ఒక బ్యాటరీతో కారంతా అవ్వదు, రెండు మూడు కావాలి, బరువు కూడా చేతి మీదే. చిన్న మెషీన్‌కి బ్యాటరీ బాగుంటుంది, పెద్దదానికి తీగే ఉండనివ్వండి.

గ్రైండర్ సంగతి ఒక్క మాటలో. ఇంట్లో ఉన్న నాలుగంగుళాల గ్రైండర్‌కే ఫోమ్ ప్యాడ్ తగిలించుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. అది నిమిషానికి 11 వేల చుట్లు తిరుగుతుంది. ఆ స్పీడులో నాలుగంగుళాల ప్యాడ్ అంచు గంటకి 200 కిలోమీటర్ల వేగంతో పోతుంది. రోటరీతో పాలిష్ చేసేది 1000 నుంచి 1800 చుట్ల మధ్య. పెయింట్ మాట దేవుడెరుగు, ప్యాడ్ చిరిగి మొహం మీదకి రాకుండా ఉంటే అదృష్టం.

కరెంటు

మెషీన్ బాగోలేదని నా దగ్గరికి తెచ్చినవాటిలో సగం మెషీన్ తప్పు కాదు. వీరవాసరం దగ్గర ఒకాయన డీఏ సాయంత్రాలు మూలుగుతోందని తెచ్చాడు. వెళ్లి చూస్తే చుట్టూ రొయ్యల చెరువులు. చీకటి పడగానే నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లన్నీ వేస్తారు, ఓల్టేజ్ పడిపోతుంది. దానికి తోడు ఆయన వాడేది లైట్ల కోసం కొన్న సన్న తీగ, ముప్పై మీటర్లు. చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పదిహేను మీటర్లకి మించకుండా వేయించి, పొద్దున్న పూట చేసుకోమన్నాను. మళ్లీ రాలేదు.

ఇంటి ఇన్వర్టర్ మీద నడపొద్దు, అది ఫ్యాన్లకి, లైట్లకి చేసింది. కారు కడిగిన తడి నేల మీద మెషీన్ పట్టుకుని నిలబడతారు కాబట్టి ఆ ప్లగ్గుకి 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా కట్ చేసే స్విచ్, ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. కాళ్లకి రబ్బరు చెప్పులు. తీగ భుజం మీంచి వెనక్కి వేసుకోండి. పెయింట్ మీద ఈడిస్తే కొత్త గీతలు, ప్యాడ్ కిందకి పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మిగతా డబ్బు

మీ దగ్గర ఉన్న డబ్బంతా మెషీన్‌కి పెట్టేయకండి. మూడో వంతు పక్కన ఉంచండి. నిజానికి గీత తీసేది ప్యాడ్, కాంపౌండ్. మెషీన్ వాటిని నడిపించేది మాత్రమే. గట్టి ఫోమ్ ప్యాడ్లు రెండు, మెత్తవి మూడు కొనండి. ఒక ప్యాడ్‌తో కారంతా చేస్తే సగం అయ్యేసరికి అది కాంపౌండ్‌తో, తీసిన పెయింట్ పొడితో నిండి, వేడెక్కి, కొత్త గీతలు పెడుతుంది. కాంపౌండ్ రెండు రకాలు చాలు, ఒకటి కోతకి, ఒకటి నునుపుకి. మైక్రోఫైబర్ గుడ్డలు డజను, అంచు కుట్టు లేనివి. మాస్కింగ్ టేపు. మంచి టార్చి. మెషీన్‌తో ఫ్రీగా వచ్చే నాలుగు ప్యాడ్లు మా ఇంట్లో గిన్నెలు తోమడానికి పనికొస్తున్నాయి.

మొదటి వారం మీ కారు ముట్టుకోకండి. పాత సామాన్ల కొట్టులో ఒక నల్ల బానెట్ దొరుకుతుంది, సొట్టలున్నా పర్లేదు, తెచ్చుకుని బల్ల మీద పెట్టుకోండి. ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. పని చేస్తున్నప్పుడు ఆ గీత మెల్లగా తిరుగుతూ కనిపించాలి. ఆగిపోతే అదుముతున్నట్టు, లేదా ప్యాడ్ చదునుగా లేనట్టు. ఇంతకంటే మంచి గురువు దొరకడు. రెండడుగుల చదరం చాలు ఒకసారికి. ప్యాడ్ మీద నాలుగు చుక్కల కాంపౌండ్, ఒకటో స్పీడులో పరిచి, నాలుగులోకి మార్చి, సెకనుకి అంగుళం చొప్పున నడవండి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, మళ్లీ రెండూ. ప్రతి నడక ముందు దాని మీద సగం పడాలి. కుర్రాళ్లు ఇక్కడే తొందరపడతారు, ఇల్లు తుడిచినట్టు గబగబా తిప్పేస్తారు. తర్వాత తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి మళ్లీ తుడిచి, అప్పుడు టార్చి వేయండి. ఆల్కహాల్ ఎందుకంటే, కాంపౌండ్‌లో ఉండే నూనె గీతల్ని కప్పి, పోయినట్టు చూపిస్తుంది.

కావాలని ఆ బానెట్ అంచు ఒకచోట కాల్చండి. ఎంతసేపట్లో కాలిందో, ముందు ఏ వాసన వచ్చిందో, వేడి చేతికి ఎలా తెలిసిందో గుర్తుపెట్టుకోండి. నేను ఒక నెల జీతం ఇచ్చి నేర్చుకున్నది మీరు పాత సామాన్ల ధరకి నేర్చుకుంటారు.

సొంత కారు మీదకి వచ్చాక బాగా కడిగి, క్లే బార్‌తో, అంటే బంకమట్టి లాంటి మెత్తటి ముద్దతో, పైన అంటుకున్న గరుకంతా తీశాకే మెషీన్ పట్టండి. అంచులకి, ప్లాస్టిక్ బీడింగులకి, బ్యాడ్జీలకి టేపు. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి వేడి బయటికి పోదు, అక్కడ స్పీడు ఒక అంకె తగ్గించండి. మునుపు ఎక్కడైనా మళ్లీ పెయింట్ చేయించి ఉంటే ఆ భాగం వేరుగా ప్రవర్తిస్తుంది, ఒక మూల చూసుకుని చేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలబెట్టిన కారు మీద కాంపౌండ్ పరిచేలోపే ఎండి పెచ్చులు కడుతుంది. పొద్దున్న తొమ్మిదిలోపో, నీడలోనో పెట్టుకోవాలి.

వర్షాకాలంలో మాత్రం ప్యాడ్ల గోల వేరు. కడిగిన ఫోమ్ మన తేమకి మూడు రోజులైనా ఆరదు, వాసన వస్తుంది, వెనక వెల్క్రో ఊడిపోతుంది. కడిగాక మెషీన్‌కే తగిలించి, పాత బకెట్ లోపల పెట్టి పది సెకన్లు తిప్పండి, నీళ్లు చిమ్మేస్తుంది. తర్వాత ఫ్యాన్ కింద, ఫోమ్ కిందకి వెల్క్రో పైకి ఉండేలా జల్లెడ మీద పెట్టండి. జల్లెడ ఇంట్లోది తీసుకెళ్లకండి, విడిగా కొనుక్కోండి. ఇది అనుభవం మీద చెబుతున్నాను. ప్యాడ్ తగిలించే ఉంచి మెషీన్‌ని దాని మీద నిలబెట్టి వదిలేయొద్దు, ఫోమ్ ఒక పక్కకి నొక్కుకుపోయి మర్నాటి నుంచి ఊగుతుంది.

మా వాడు ఆ రాత్రి ఆఫర్ వదిలేశాడు. రావులపాలెంలో ఎవరి దగ్గరో 15 త్రో డీఏ వాడినది ఉందని, ఇద్దరం వెళ్లి చూశాం. ప్లేటు పట్టుకుని ఊపితే బేరింగ్ టకటకమంది, వద్దన్నాను. కొత్తదే తెప్పించుకున్నాడు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, తణుకు నుంచి నల్ల బానెట్ తెచ్చానని, అంచు కాల్చడానికి చేతులు రావట్లేదని అంటున్నాడు.